వేడెక్కితే ఆగిపోయే ఎంజీబీ: పాత రిపేర్లను రిపేర్ చేసిన కేసు

బండి 1971 మోడల్ ఎంజీబీ రోడ్‌స్టర్, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. 1798 సీసీ ఇంజిన్, గాలీ పెట్రోలూ కలిపిచ్చే రెండు ఎస్‌యూ రకం కార్బురేటర్లు, నాలుగు గేర్లు, అదనపు గేరులా పనిచేసే ఓవర్‌డ్రైవ్, క్రోమ్ బంపర్లు. ఓనరు ఇంగ్లండ్‌లోని లెస్టర్ దగ్గర ఉండే ఒక తెలుగు డాక్టరుగారు. ఫిర్యాదు ఇదీ: ఇంటి దగ్గర తీసినప్పుడు బండి బ్రహ్మాండంగా నడుస్తుంది. ఓ ఇరవై నిమిషాలు పోయాక మిస్సింగ్ మొదలవుతుంది. ఇంకాస్త దూరం ఈడ్చుకుంటూ వెళ్లి ఆగిపోతుంది. బానెట్ ఎత్తి అరగంట రోడ్డు పక్కన నిలబడితే, ఆ తర్వాత సెల్ఫ్ కొట్టగానే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

నేను కోవెంట్రీలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజినీర్ని. శని, ఆదివారాల్లో ఇంటి గ్యారేజీలో పాత బ్రిటిష్ బళ్ల పని చేస్తాను, ఎక్కువగా తెలిసినవాళ్లవి. ఈ కేసు వివరంగా రాయడానికి కారణం ఉంది. వయసు వల్ల వచ్చిన లోపాలు ఇందులో కొన్నే. బండిని ఆపేసినవి మాత్రం, ఎప్పుడో ఎవరో బాగుచేయబోయి పెట్టిపోయినవే. యాభై ఏళ్లు దాటిన ఏ బండిలోనైనా ఫ్యాక్టరీ చేసిన పనిమీద తర్వాతి చేతులు చేసిన పని పొరలు పొరలుగా ఉంటుంది. అందుకే నేను ముందు కొలుస్తాను, ఆ తర్వాతే విప్పుతాను.

బండి గురించి నాలుగు మాటలు. ఎంజీబీ 1962లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1980 దాకా తయారైంది. మొత్తం ఐదు లక్షలకు పైగా కట్టారు కాబట్టి విడిభాగాలకు ఇప్పటికీ లోటు లేదు. దీని ఇంజిన్ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బి-సిరీస్. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ ఇంజిన్‌దీ ఇదే కుటుంబం. విజయవాడలోనో వరంగల్‌లోనో అంబాసిడర్ టాక్సీకి టాపెట్లు సరిచేసిన పాత మెకానిక్‌ను తీసుకొచ్చి ఈ బానెట్ ఎత్తి చూపిస్తే కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా ఉండదు.

కాగితాల్లో దొరికింది

డాక్టరుగారు బండితో పాటు మందపాటి ఫైలు కూడా తెచ్చారు. "తమ్ముడూ, ఇప్పటికే రెండు చోట్ల చూపించాను. కార్బురేటర్లు విప్పి మళ్లీ కట్టారు, కొత్త పెట్రోల్ పంపు వేశారు, ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టారు. బిల్లు పెరిగింది గానీ జబ్బు తగ్గలేదు" అన్నారు. పేషెంటు కేస్ షీటు చదివినట్టే ఆ బిల్లులన్నీ తేదీల వరసలో పెట్టుకుని చదివాను. వేడెక్కాక ఆగిపోతోంది కదా అని అందరూ పెట్రోల్ ఆవిరైపోతోందనే అనుకున్నారు. ఆ ఊహ మీదే వరసగా డబ్బు ఖర్చయింది. పైపులకు వేడి తగలకుండా వెండిరంగు తొడుగులు కూడా వేశారు.

ఫైలు అడుగున, డాక్టరుగారు బండి కొనకముందు నాటి చిన్న బిల్లు ఒకటి ఉంది: "స్పోర్ట్స్ కాయిల్, బిగించిన కూలీతో." కాయిల్ అంటే బ్యాటరీ 12 వోల్టులను స్పార్క్‌కు సరిపడా వేల వోల్టులకు పెంచేది. ఆ బిల్లు పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని బండిని రోడ్డు మీదకు తీసుకెళ్లాను.

ముల్లు చెప్పిన సంగతి

పాత బండి రోడ్డు మీద ఆగిపోయినప్పుడు చాలామంది బానెట్ దగ్గరకు పరిగెత్తుతారు. ఆగిపోబోయే ఆ రెండు మూడు సెకన్లలో డాష్‌బోర్డు చూస్తే సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. ఈ బండిలో ఆర్‌పీఎం మీటరు కాయిల్ ప్రైమరీ సర్క్యూట్ నుంచే, అంటే బ్యాటరీ కరెంటు పారే వైపు నుంచే, సంకేతం తీసుకుంటుంది. బండి గేర్‌లోనే దొర్లుతోంది, అంటే ఇంజిన్ తిరుగుతూనే ఉంది, అయినా మీటరు ముల్లు టపీమని సున్నాకు పడిపోయిందంటే ప్రైమరీలో కరెంటు తెగుతోందన్నమాట. ముల్లు సరిగ్గా చూపిస్తూనే ఇంజిన్ నీరసపడుతుంటే పెట్రోల్ వైపో, ప్లగ్గు వైర్ల వైపో వెతకాలి.

డాక్టరుగారిని డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టి నేను పక్కన కూర్చుని మీటరునే చూస్తున్నాను. మిస్సింగ్ మొదలవగానే ముల్లు పిచ్చిపట్టినట్టు కొట్టుకుంది, తర్వాత సున్నాకు పడింది. అప్పటికి బండి ఇంకా ముప్పై మైళ్ల వేగంతో పోతూనే ఉంది. పెట్రోల్ ఆవిరి కథ అక్కడితో ముగిసింది.

సురక్షితమైన చోట పక్కకు ఆపి, వేడి తగ్గకముందే కొలతలు తీసుకున్నాను. చల్లారితే మాయమయ్యే లోపాన్ని చల్లారాక వెతికితే దొరకదు. తాళం తిప్పితే ఎస్‌యూ పంపు నాలుగైదుసార్లు టక్‌టక్‌మని ఆగింది. పంపు కొట్టి ఆగిందంటే కార్బురేటర్లలో పెట్రోల్ నిలవుండే ఫ్లోట్ చాంబర్లు నిండి ఉన్నాయని అర్థం. బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు. పాయింట్లు (కాయిల్ కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్) మూసుకుని ఉన్న స్థితిలో కాయిల్‌కు వచ్చే తెల్ల వైరు దగ్గర 9.6. కాయిల్ నుంచి, పాయింట్లు ఉండి ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్‌కు పోయే తెలుపు-నలుపు వైరు దగ్గర, దాదాపు సున్నా ఉండాల్సిన చోట, వోల్టున్నరకు దగ్గరగా ఉంది. కాయిల్ మీద చెయ్యి పెడితే నిలవలేదు.

అంటే ఒకే సర్క్యూట్‌లో మూడు చోట్ల తేడా: కాయిల్‌కు ముందు, కాయిల్‌లో, కాయిల్ తర్వాత.

కాయిల్

ఇంటికొచ్చి, చల్లారాక కాయిల్ వైర్లు తీసి రెండు టెర్మినల్స్ మధ్య కొలిస్తే 1.5 ఓమ్‌లు. ఈ సంవత్సరపు ఎంజీబీకి ఉండాల్సింది 3 ఓమ్‌ల కాయిల్. 1.5 ఓమ్‌ల కాయిల్ చెడిపోయినది కాదు, మరో రకం బండిది. రబ్బరు బంపర్ల ఎంజీబీల్లాంటి తర్వాతి మోడళ్లలో వైరింగ్‌లోనే ఒక బల్లాస్ట్ రెసిస్టెన్స్ ఉంటుంది. అక్కడ కాయిల్‌కు నడుస్తున్నప్పుడు సగం వోల్టేజీ అందుతుంది, సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం పూర్తి 12 వోల్టులు. చలికాలంలో తేలిగ్గా స్టార్ట్ కావడానికి చేసిన ఏర్పాటది. 1971 బండిలో ఆ రెసిస్టెన్స్ లేదు. కాబట్టి ఆ కాయిల్ మీద పూర్తి వోల్టేజీ పడుతోంది.

లెక్క చాలా చిన్నది. 12 వోల్టులకు 3 ఓమ్‌ల కాయిల్ 4 ఆంపియర్లు తీసుకుంటుంది, 1.5 ఓమ్‌లది 8. వేడి రెట్టింపు. ఆ 8 ఆంపియర్లూ పాయింట్ల మీదుగానే పోవాలి, అవేమో దానికి పుట్టినవి కావు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో పాయింట్లు ప్రతి 90 డిగ్రీల్లో సుమారు 60 డిగ్రీలు మూసుకునే ఉంటాయి. అంటే మూడింట రెండు వంతుల సమయం కాయిల్ కాలుతూనే ఉంటుంది. ఇరవై నిమిషాలకు లోపలి తీగ రెసిస్టెన్స్ పెరిగి, స్పార్క్ నీరసించి, చివరికి ఆగిపోతుంది. ఆ తర్వాత అరగంట విశ్రాంతి.

డబ్బా మీద "స్పోర్ట్స్" అని రాసి ఉంటే ఎక్కువ పవర్ వస్తుందని కొనేస్తారు. కాయిల్ కొనేముందు ఓమ్‌లు అడగని అమ్మకందారు దగ్గర కొనకండి, అంతే చెప్పగలను.

డిస్ట్రిబ్యూటర్ లోపల

ఇందులో ఉన్నది లూకాస్ కంపెనీ 25డి4 రకం. మూత తీస్తే పాయింట్లు నీలం రంగు తిరిగి, ఒకవైపు గుంట, మరోవైపు మొటిమ తేలి ఉన్నాయి. ఎక్కువ కరెంటుకు ఆ గతి పట్టడం సహజమే. అసలు ముద్దాయి మాత్రం పక్కనే ఉంది. బయటి టెర్మినల్ నుంచి పాయింట్లకు వెళ్లే రెండంగుళాల మెత్తటి వైరు. ఇంజిన్ భారాన్ని బట్టి స్పార్క్ సమయం మార్చే వాక్యూమ్ అడ్వాన్స్ వల్ల పాయింట్లు బిగించిన ప్లేటు వెనకా ముందూ కదులుతుంటుంది, దానితో పాటు ఈ వైరూ వంగుతుంటుంది. అందుకే ఇక్కడ వెంట్రుకల్లాంటి సన్న తీగలు అల్లిన ప్రత్యేకమైన వైరు వాడతారు. ఇందులో ఎవరో మామూలు వైరింగ్ ముక్కను కోసి టంకం పెట్టారు. టంకం పెట్టిన చోట వైరు బిరుసెక్కుతుంది, ఆ అంచు దగ్గరే తెగుతుంది. పైన తొడుగు బాగానే ఉంది. లోపల రెండు మూడు పోగులు మాత్రమే మిగిలాయి. మీటరు తగిలించి చేత్తో ప్లేటు కదిపితే రీడింగ్ వస్తూ పోతూ ఉంది. ముల్లు కొట్టుకోవడానికి కారణం ఇదే.

సరైన వైరు, ప్లేటు ఎర్త్ వైరు, పాయింట్లు, వాటి మీద నిప్పురవ్వలు తగ్గించే కండెన్సర్, తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకూ స్పార్క్ అందించే రోటర్ ఆర్మ్ అన్నీ కొత్తవి వేశాను. ఇప్పుడు దొరికే చవక రోటర్ ఆర్మ్‌లు కొన్నింటిలో ఇత్తడి రేకును పట్టుకునే రివెట్ లోపలి షాఫ్టుకు మరీ దగ్గరగా వస్తుంది. వేడెక్కాక స్పార్క్ అటు దూకేస్తుంది. రివెట్ లేని ఎర్ర రకం తీసుకోవడం మేలు. కండెన్సర్ కూడా అంతే, తీసిన పాతది పనిచేస్తుంటే పారేయకుండా డిక్కీలో దాచుకోండి. కొత్తది అన్నిసార్లూ మంచిదని హామీ లేదు. పాయింట్ల గ్యాప్ 0.015 అంగుళం, అంటే 0.38 మిల్లీమీటర్లు.

ఇక్కడ డాక్టరుగారు ఒక ప్రశ్న అడిగారు: పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేస్తే టెన్షన్ ఉండదు కదా? మూత తీయడం ఇష్టం లేనివాళ్లకు అది మంచిదే. కానీ ఈ తప్పుడు కాయిల్‌ను అలాగే ఉంచి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టి ఉంటే, ఆ అదనపు కరెంటుకు మాడ్యూలే కాలిపోయి ఉండేది. పైగా పాయింట్లు పోయేముందు చెప్పి పోతాయి, రోడ్డు పక్కన గరుకు కాగితంతో రుద్దినా ఇంటికి చేరుస్తాయి. నా బళ్లలో నేను పాయింట్లే ఉంచుకుంటాను. ఇది నా ఇష్టం, శాస్త్రం కాదు.

రంగులు, ఎర్త్

కాయిల్‌కు ముందు పోతున్న వోల్టుల సంగతి చూడాలి. ఆనాటి బ్రిటిష్ వైరింగ్‌లో రంగులకు ఒక పద్ధతి ఉంది, అది వంటబట్టితే సగం భయం పోతుంది. గోధుమరంగు ఎప్పుడూ కరెంటు ఉండేది. తెలుపు తాళం తిప్పితే వచ్చేది, ఫ్యూజు లేనిది. ఆకుపచ్చ తాళంతో పాటు ఫ్యూజు ఉన్నది. ఊదారంగు తాళంతో పనిలేకుండా ఫ్యూజు ద్వారా వచ్చేది. నలుపు ఎర్త్. వైర్లను కలిపే చోట తుపాకీ గుండు ఆకారంలో బుల్లెట్ కనెక్టర్లు ఉంటాయి. యాభై ఏళ్ల తేమకు అవి లోపల పచ్చబడతాయి.

తెల్ల వైరు వెంట మీటరు పట్టుకుని ఒక్కో జాయింటు దాటుతూ వచ్చాను. ఫ్యూజ్ బాక్స్ దగ్గరి స్పేడ్ టెర్మినల్ ఒకటి వదులు, ఒక బుల్లెట్ కనెక్టర్ నిండా చిలుము. అవి శుభ్రం చేసి, కొత్త స్లీవ్ వేసి, 3 ఓమ్‌ల కాయిల్ పెట్టాక బ్యాటరీకీ కాయిల్‌కూ మధ్య తేడా 0.3 వోల్టులకు దిగింది. లూకాస్ కంపెనీని చీకటి రాజు అని ఎగతాళి చేయడం ఇంగ్లండ్‌లో పాత అలవాటు. నేను చూసినంతలో ఆ కంపెనీ వస్తువుల కంటే వాటి మధ్య మనుషులు చేసిన అతుకులే ఎక్కువ చీకట్లు తెస్తాయి.

ఎర్త్ వైపు ఇంకోటి బయటపడింది. సెల్ఫ్ కొడుతూ ఇంజిన్ బ్లాకుకూ బాడీకీ మధ్య కొలిస్తే రెండు వోల్టులకు పైగా చూపించింది. అర వోల్టు లోపు ఉండాలి. కిందికి దూరి చూస్తే ఇంజిన్-గేర్‌బాక్స్ నుంచి బాడీకి ఉండాల్సిన ఎర్త్ స్ట్రాప్ లేదు. క్లచ్ మార్చేందుకు ఇంజిన్ దించినప్పుడు ఎవరో దాన్ని తిరిగి బిగించలేదు. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి స్టార్టర్ తాగే వందలకొద్దీ ఆంపియర్లకు దారి చోక్ కేబులు, యాక్సిలరేటర్ కేబులే. "చోక్ నాబ్ ఒక్కోసారి వెచ్చగా ఉండేది, ఇంజిన్ వేడి అనుకున్నాను" అన్నారు డాక్టరుగారు. ఆ కేబుల్స్ ఎర్రగా కాలి డాష్‌బోర్డు కింద పొగలు రావడం ఈ బళ్లలో విన్న విషయమే. స్ట్రాప్ ధర రెండు కాఫీలంత.

ఈ బండికి సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు సీరీస్‌లో ఉంటాయి. వాటి మధ్య లింకు కేబుల్ బిగింపు చూసి, ఎర్త్ వైపు ఒక కటాఫ్ స్విచ్ పెట్టాను. ఇంట్లో ఆగి ఉన్న బండికి అదే పెద్ద రక్షణ.

టాపెట్లు, టైమింగ్, చివర్న కార్బురేటర్లు

స్పార్క్ కుదిరాక గానీ కార్బురేటర్లు ముట్టుకోలేదు. వరస మారితే పని ఎప్పటికీ తెమలదు. ముందు టాపెట్లు (వాల్వుల గ్యాప్), తర్వాత పాయింట్లు, తర్వాత టైమింగ్ (స్పార్క్ పడే సమయం), ఆఖర్న మిక్స్చర్ (పెట్రోల్, గాలి పాళ్లు).

టాపెట్లకు పాత చిట్కా ఒకటుంది, తొమ్మిది లెక్క. ఎనిమిది వాల్వులకు ముందు నుంచి వెనక్కి అంకెలు వేసుకోండి. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోదాన్ని సరిచేయాలి, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోదాన్ని. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 0.015 అంగుళం. ఈ రీడింగులు పుస్తకంలో రాసి పెట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. బ్రిటన్‌లో సీసం కలిపిన పెట్రోల్ మామూలు అమ్మకం 2000 జనవరి 1 నుంచి ఆగిపోయింది. గట్టి సీట్లు వేయని పాత సిలిండర్ హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వు మెల్లగా సీటులోకి దిగిపోతూ టాపెట్ గ్యాప్ తగ్గిపోతుంది. ప్రతిసారీ ఒకే ఎగ్జాస్ట్ వాల్వు గ్యాప్ తగ్గుతుంటే హెడ్ దించే రోజు దగ్గర పడిందని ముందే తెలుస్తుంది. ఈ బండిలో అన్నీ ఒక్క తీరుగా ఉన్నాయి. టైమింగ్ ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు చూసి 10 డిగ్రీలు ముందుకు పెట్టాను.

ఇక కార్బురేటర్లు. స్పార్క్ నీరసంగా ఉన్న ఇంజిన్‌కు ఎవరో పెట్రోల్ ఎక్కువ పోసి సర్దుబాటు చేశారు, ప్లగ్గులు నల్లగా మసిబారాయి. అదీకాక, మళ్లీ కట్టేటప్పుడు రెండింటి పైమూతలు తారుమారయ్యాయి. ఎస్‌యూలో లోపలి పిస్టన్, పై చాంబర్ జతగా తయారైనవి. జత మారితే పిస్టన్ ఒక చోట పట్టేస్తుంది. చేత్తో ఎత్తి వదిలితే పిస్టన్ హాయిగా జారి టక్కున కింద తగలాలి, రెండూ ఒకే వేగంతో పడాలి. వీటిలో వెనకది మధ్యలో ఆగుతోంది. పాత గీతలు చూసి జతలు కలిపాక రెండూ సమంగా పడ్డాయి.

రెండు కార్బురేటర్లనూ కలిపే షాఫ్టు క్లిప్పులు వదులు చేసి, సన్న రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బురేటర్ నోటి దగ్గర పెట్టి గాలి బుస వినాలి. రెండు బుసలూ సమానమయ్యేదాకా స్క్రూలు సరిచేయాలి. తర్వాత అడుగున ఉన్న ఆరు పలకల జెట్ నట్టు. పూర్తిగా పైకి తిప్పి, అక్కడి నుంచి పన్నెండు పలకలు, అంటే రెండు చుట్లు, కిందికి దించితే మొదలుపెట్టే స్థానం. పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ను మిల్లీమీటరు లోపు ఎత్తి చూడాలి. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోల్ ఎక్కువ. తడబడి ఆగబోతే తక్కువ. ఒక్క క్షణం పెరిగి మామూలుకు వస్తే సరిపోయింది. తిప్పేది ఒక్కోసారి ఒక్క పలక మాత్రమే. పై డాంపర్లలో ఇంజిన్ ఆయిలే పోస్తే చాలు.

పెట్రోల్ పైపుల మీది ఆ వెండి తొడుగులు తీసేశాను. తీస్తే లోపల రబ్బరు గొట్టాలు పగుళ్లు బారి ఉన్నాయి, అదీ ఎగ్జాస్ట్ మానిఫోల్డుకు పైన. ఇంగ్లండ్‌లో 2021 సెప్టెంబర్ నుంచి మామూలు పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రకం రబ్బరును అది తినేస్తుంది. ఆర్9 అని ముద్ర ఉన్న గొట్టాలు వేసి, డాక్టరుగారికి ఖరీదు ఎక్కువైనా ఇథనాల్ 5 శాతానికి మించని సూపర్ గ్రేడ్ ఇ5 పోయించమన్నాను. బండి నెలల తరబడి ఆగి ఉండేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

ఫిర్యాదులో లేని లోపాలు

40 ఏళ్లు దాటిన, పెద్ద మార్పులు చేయని బండికి బ్రిటన్‌లో 2018 మే 20 నుంచి బండి రోడ్డుకు పనికొస్తుందో లేదో ఏటేటా చూసే ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. మినహాయింపు ఉంది కదా అని చాలామంది బండి కిందికి చూడటమే మానేశారు. నేను మాత్రం ఎవరి బండైనా తీసుకునేటప్పుడు చక్రాలు నాలుగూ ఎత్తి చూస్తాను, స్టాండ్ల మీద. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎంత చిన్న పనికైనా దూరవద్దు.

ముందు ఎడమ చక్రం రోడ్ టెస్ట్ తర్వాత కుడిదానికంటే బాగా వేడిగా ఉంది. బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్ పట్టేసిందనుకోవచ్చు. బ్రేకు ఆయిల్ బయటికి వదిలే బ్లీడ్ నిపుల్ వదులు చేయగానే చక్రం తేలిగ్గా తిరిగింది. ఇలా అయితే లోపం గొట్టంలో ఉంటుంది. బ్రేకు రబ్బరు గొట్టం లోపలి గోడ ఉబ్బి, పెడల్ నొక్కితే ఆయిల్ పోనిస్తుంది, వదిలితే తిరిగి రానివ్వదు. పైకి చూస్తే గొట్టం కొత్తదానిలాగే ఉంది. ఈ సంవత్సరపు బ్రిటిష్ ఎంజీబీల్లో బ్రేకులన్నీ ఒకే సర్క్యూట్. ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. కాబట్టి బేరం లేకుండా మూడు గొట్టాలూ మార్చి, కొత్త డాట్ 4 ఆయిల్ నింపాను. వెనక డ్రమ్ములు విప్పేటప్పుడు ఆ దుమ్మును గాలితో ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచి సంచిలో కట్టేయండి.

నట్ల తలలు చాలావరకు అరిగి గుండ్రమయ్యాయి. ఈ బండి నట్లు అంగుళాల కొలతవి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, దానికి 13 పానా పడుతుంది, పట్టినట్టే ఉంటుంది, గట్టిగా తిప్పితే జారుతుంది. 7/16, 1/2, 9/16 పానాలు మంచివి కొనుక్కుంటే ఈ బండి పనిలో ఎక్కువ భాగం అయిపోతుంది.

అన్నిటికన్నా బాధపెట్టింది తలుపుల కింది సిల్. ఎంజీబీకి విడిగా చాసిస్ లేదు, బాడీయే మోయాలి. పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో ఆ బరువంతా మోసేది రెండు వైపులా ఉన్న ఈ సిల్సే. పైకి కనిపించే రేకు వెనక నిలువుగా ఇంకో రేకు, లోపలి సిల్, అడుగున కోట బురుజుల్లా గాట్లున్న పట్టీ, అన్నీ కలిసి ఒక పెట్టె. ఎడమవైపు అయస్కాంతం అంటుకోలేదు. తుప్పు పట్టిన సిల్ మీదే కొత్త రేకు కప్పి, పైన పుట్టీ పూసి రంగు వేశారు. ఆ వైపు జాకీ పెట్టి ఎత్తితే తలుపు సరిగా మూసుకోలేదు. బండి నడుం వంగుతోందని దాని అర్థం.

ఇది ఇంట్లో చేయవచ్చు గానీ వెల్డింగ్ నేర్చుకునేది దీని మీద కాదు. తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప బ్రేస్ కట్టి, తలుపు చుట్టూ గ్యాప్ కొలిచి రాసుకుని, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి. కొంచెం కొంచెంగా కోయాలి. బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు తీసేయాలి. పెట్రోల్ పైపు, కార్పెట్లు, సీట్లు దూరంగా పెట్టాలి. ఎడమవైపు శీతాకాలంలో చేశాను. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి ఫ్యాక్టరీ పాత అచ్చులతో ఎంజీబీ బాడీలు మళ్లీ తయారుచేస్తోంది కాబట్టి సరిగ్గా అమరే రేకులు దొరుకుతాయి. చవక రేకు కొని గ్యాప్ కుదరక ఏడవడం కన్నా అవే నయం. పని అయ్యాక లోపల మైనం లాంటి కావిటీ వ్యాక్స్ కొట్టి, నీళ్లు బయటికిపోయే రంధ్రాలు తెరిచి ఉంచాను. పాతవాళ్లు వాటిని కూడా పుట్టీతో మూసేశారు.

ఇకమీద ఓనరు చేసుకోవాల్సినవి

డాక్టరుగారికి ఇచ్చిన కాగితంలో పెద్దగా ఏమీ లేదు. ప్రతి 3,000 మైళ్లకు 20-50 ఇంజిన్ ఆయిల్ మార్చాలి, జింక్ కలిపిన పాత బళ్ల రకం. ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్స్‌లోనూ ఇదే ఆయిల్, గేర్ ఆయిల్ పోయకూడదు. అప్పుడే ముందు చక్రాలు పక్కలకు తిరిగే కీళ్లు, అంటే కింగ్‌పిన్లకు ఒక్కో వైపు మూడేసి నిపుళ్లకు గ్రీజు కొట్టాలి. చక్రాలు గాల్లో ఉన్నప్పుడు కొడితేనే గ్రీజు బరువు మోసే చోటికి చేరుతుంది. హ్యాండ్‌బ్రేక్ కేబులుకూ ఒక నిపుల్ ఉంది, దాన్ని అందరూ మర్చిపోతారు. బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి. వెచ్చబడ్డాక నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ 50 నుంచి 80 పీఎస్ఐ మధ్య ఉండాలి, ఐడిలింగ్‌లో 10 నుంచి 25. ఏ వస్తువు మార్చినా దాని డబ్బా మీది నంబరు ఫైల్లో రాయాలి. ఆ ఆఖరి షరతు మీద మాత్రం గట్టిగా పట్టుబట్టాను.

ఫలితం: ఇగ్నిషన్‌కు అయిన సామాను అంతా కలిపినా వంద పౌండ్లు దాటలేదు. కార్బురేటర్లకూ పంపుకూ అంతకు ముందు అయిన బిల్లు దానికి ఎన్నో రెట్లు. వేసవిలో డాక్టరుగారు, మేడమ్ కలిసి ఎం69 మోటార్‌వే మీదుగా కోవెంట్రీ దాటి గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం దాకా వెళ్లి వచ్చారు. ఎండలో, మధ్యలో ట్రాఫిక్ జామ్‌తో సహా. బండి ఎక్కడా ఆగలేదు. ఆ మ్యూజియం వారి దగ్గరే బండి పుట్టినప్పటి వివరాల సర్టిఫికెట్‌కు కూడా అప్లై చేశారు. అసలు రంగు, అసలు ఇంజిన్ నంబరు అందులో ఉంటాయి.

ఇంకా మిగిలినవి: కుడివైపు సిల్, దాని పరిస్థితి ఎడమదానంత ఘోరం కాదు గానీ వచ్చే చలికాలం దాటనివ్వకూడదు. ఓవర్‌డ్రైవ్ టాప్ గేర్‌లో పడుతోంది, మూడో గేర్‌లో పడటం లేదు. రెండింటిలోనూ పడాలి. కరెంటుతో ఓవర్‌డ్రైవ్‌ను పడేసే సోలనాయిడ్ మార్చేద్దామా అని డాక్టరుగారు అప్పుడే అడిగారు. ఒక గేర్‌లో పనిచేస్తున్న సోలనాయిడ్ బాగున్నట్టే కాబట్టి ముందు గేర్‌బాక్స్ మీది ఇన్‌హిబిటర్ స్విచ్ (ఓవర్‌డ్రైవ్‌ను పై గేర్లలోనే పడనిచ్చేది) దగ్గర మీటరు పెట్టి చూస్తాను.